కొంతవరకు పనికి రావచ్చు

మా ఆఫీసులో ఆర్లో హియెతాలా అని ఒకాయన ఉన్నాడు. నోట్లో వేలు పెట్టినా కొరకడంటారే, ఆ రకం. అయితే ఆ నోట్లోంచి తన గురించి ఒక్క మంచి మాట బయటికి లాగాలంటే మాత్రం పళ్ల డాక్టరు రావాల్సిందే. అమెరికాకి ఉత్తరాన, పెద్ద సరస్సు ఒడ్డునున్న ఈ డులూత్‌లో పుట్టి పెరిగినవాళ్లంతా కొంచెం అటూ ఇటూగా ఇలాగే ఉంటారు. మోకాల్లోతు మంచులో కారు కూరుకుపోతే "కాస్త ఆలస్యమయ్యేట్టుంది" అంటారు. నేను న్యూజెర్సీ దాన్ని, పేరు రోజాన్ పెట్రుచ్చి. ఈ ఊరివాణ్ని కట్టుకుని పద్దెనిమిదేళ్లుగా ఈ సరస్సు ఒడ్డునే ఉంటున్నాను. ఇప్పటికీ ఎవరైనా "ఫర్వాలేదు" అంటే అది నిజంగా ఫర్వాలేదో, అంబులెన్సు పిలవాలో మా ఆయన్ని అడిగి తెలుసుకుంటాను.

ముందు మా కంపెనీ ఏం చేస్తుందో చెప్పాలి. సరస్సు చుట్టూ ఉన్న చిన్న చిన్న క్లినిక్కులు, స్కూళ్లు, గోదాముల కంప్యూటర్ నెట్‌వర్కుల్ని మేం చూసుకుంటాం. ఏ యంత్రం ఏ యంత్రంతో మాట్లాడొచ్చు, బయటివాళ్లలో ఎవరు లోపలికి రావచ్చు అని ప్రతి నెట్‌వర్కుకీ కొన్ని అనుమతులుంటాయి. అవసరం తీరిపోయాక కూడా ఎవరూ తీసెయ్యని అనుమతి అంటే గడియ పెట్టని దొడ్డితలుపే. అలాంటివి వెతికి పట్టుకోవడమే ఆడిట్. ఇదివరకు ఆ పని మనుషులు చేసేవాళ్లు. ఇప్పుడు రెండేళ్లుగా ఒక ఏఐ ఏజెంటు చేస్తోంది. దానికి మేం కొన్ని టూల్స్ చేతికిచ్చి, ఒక్కో టూలు కింద నాలుగు వాక్యాల వివరణ రాసి పెడతాం. అది ఆ వివరణ చదువుకుని, ఏ పనికి ఏ టూలు తియ్యాలో తనే తేల్చుకుంటుంది. టూలు లోపల ఏముందో దానికి తెలీదు. మేం రాసిన ఆ నాలుగు వాక్యాలే దానికి దిక్కు.

ఆ వాక్యాలు రాయడం నా ఉద్యోగం. అంతకుముందు ఇక్కడే కరపత్రాలు రాసేదాన్ని, దానికి ముందు ఒక పరుపుల కంపెనీకి ప్రకటనలు రాసేదాన్ని. మా పరుపు మీద ఒక్క రాత్రి పడుకుంటే పాతికేళ్ల నడుంనొప్పి ఊరొదిలి పారిపోతుందని నేను రాస్తే జనం నమ్మి కొన్నారు. కోతలు కొయ్యడంలో నాకు మంచి పేరుండేది. ఆ పేరు చూసే నన్ను తీసుకున్నారు కూడా.

ఆడిట్‌కి మా దగ్గర రెండు టూల్స్ ఉన్నాయి. ఒకటి పోయిన శరత్కాలంలో మినియాపొలిస్‌లోని మా పెద్దాఫీసువాళ్లు కొని పంపించింది. దాంతోపాటు వచ్చిన కరపత్రాన్ని ముందు పెట్టుకుని, దానికి ఇంకాస్త ఉప్పూకారం తగిలించి నేను ఇలా రాశాను: "నెట్‌వర్కులోని అన్ని అనుమతులనూ సంపూర్ణంగా, క్షణాల్లో ఆడిట్ చేస్తుంది. ఎలాంటి ఆడిట్‌కైనా ముందు దీన్నే వాడాలి." రాసి, కాఫీ తాగి, ఎంత బాగా రాశానా అని నేనే రెండుసార్లు చదువుకున్నాను.

రెండోది ఆర్లో తొమ్మిదేళ్లుగా తన చేత్తో తయారు చేసుకుంటూ వచ్చిన టూలు. దానికి నేను రాస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. "నీకెందుకు శ్రమ" అని తనే రాసి ఇచ్చాడు. ఆ కాగితం మీద ఇలా ఉంది: "పాత పరికరాల్లోని కొన్ని అనుమతుల్ని చూడటానికి ఇది కొంతవరకు పనికి రావచ్చు. ఇంతకంటే మంచి టూల్స్ వేరే ఉండవచ్చు."

"ఏంటిది ఆర్లో? వివరణా, క్షమాపణ పత్రమా?" అన్నాను.

ఆయన కంగారు పడ్డాడు. "మరీ గొప్పలు చెప్పుకున్నట్టుందా? 'కొంతవరకు' తీసేసి 'కాస్త' అని పెట్టనా?"

"వద్దు మహానుభావా, ఇలాగే ఉండనీ," అని నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే ఆ నవ్వు నాకు నచ్చదు.

మా ఏజెంటుకి మొహమాటం తెలీదు, వినయం తెలీదు, డులూత్ తెలీదు. రాసిందే వేదం. ఒక టూలు కింద "అన్నీ చూస్తుంది, ముందు నన్నే వాడు" అని ఉంది. ఇంకో టూలు కింద "నాకంటే మంచివి ఉండొచ్చు" అని ఉంది. అది ఏం చేస్తుంది పాపం? ఫిబ్రవరి నెల మొత్తం మీద నా టూలుని నాలుగు వందల పన్నెండుసార్లు పిలిచింది. ఆర్లో టూలుని మూడుసార్లు పిలిచింది. ఆ మూడూ కూడా నా టూలు ఒక గంటసేపు పడకేసిన రోజు పిలిచినవే.

నేను ఊరుకుంటానా? ఆ లెక్క ఆయన బల్ల మీద పెట్టి, "మూడు ఆర్లో, మూడు! రికార్డుల్లోకెక్కిందయ్యా నీ పేరు," అని ఏడిపించాను.

ఆయన కళ్లజోడు పైకి తోసుకుని చూశాడు. "మూడా? ఫర్వాలేదే," అన్నాడు.

మార్చి మొదటి వారంలో మా మేనేజరు మార్లిస్ లుండ్ నిమ్మకాయ బార్స్ అనే తీపి కేకుముక్కలు ఒక డబ్బా నిండా కాల్చుకుని తెచ్చింది. ఆమె కూడా ఈ ఊరి మనిషే. ఈ ఊళ్లో మేనేజరు ఉత్తి పుణ్యానికి తీపి తెచ్చిందంటే ఎవరికో మూడిందని అర్థం. పద్దెనిమిదేళ్లలో ఆ ఒక్కటీ నేర్చుకున్నాను. ఆమె తిన్నగా ఆర్లో బల్ల దగ్గరికి వెళ్లి, డబ్బా ముందుకి తోసింది. ఆర్లో కుర్చీకీ నా కుర్చీకీ మధ్య మూడడుగుల దూరం, అంతా నా చెవిన పడుతూనే ఉంది.

"ఒకటి తీసుకోండి ఆర్లో."

"అబ్బే, వద్దులెండి."

"తీసుకోండి, బోలెడున్నాయి."

"మిగతావాళ్లకి ఉండనివ్వండి."

"ఒక్కటి."

"సరే అయితే, ఒక చిన్న ముక్క." మూడోసారికి గానీ తీసుకోకూడదు, అది ఇక్కడి పద్ధతి.

"కిందవాళ్లు ఏవో ఆలోచనలు చేస్తున్నారు," అంది మార్లిస్. కిందవాళ్లంటే మినియాపొలిస్‌వాళ్లు. "ఎక్కువ వాడని టూల్స్‌ని జాబితాలోంచి తీసేద్దామా అని. నెలకి యాభై పిలుపులు కూడా లేనివి. ఈ నెలాఖరుకి చూస్తారట. ఆ టూల్స్ చూసుకునేవాళ్ల సంగతి కూడా... అదీ ఆలోచిస్తారనుకుంటా."

"అలాగా."

"మీకేం ఇబ్బంది లేదు కదా?"

"అబ్బే, నాకేం. మీకే శ్రమ."

ఆమె తేలిక పడ్డ మొహంతో వెళ్లిపోయింది. నేను కుర్చీ జరుపుకుని ఆయన పక్కకి వెళ్లాను. "ఆర్లో, ఇప్పుడేం జరిగిందో నీకు అర్థమైందా? ఆవిడ నీ చేతిలో బార్ పెట్టి నీ ఉద్యోగం పట్టుకెళ్లింది."

"ఆ, కొంచెం అలాగే అనిపించింది," అన్నాడు ముక్క నములుతూ.

"మరి నోరు విప్పవేం? యాభై తొమ్మిదేళ్ల వయసులో ఏం చేస్తావ్ ఇప్పుడు?"

"చేపలు పట్టుకోవచ్చు."

"నీకు చేపలు పట్టడం ఇష్టమా?"

ఆయన పెదాల మీది పంచదార తుడుచుకున్నాడు. "పెద్దగా లేదు."

నాకు ఒళ్లు మండింది. వెంటనే వివరణ మార్చెయ్యమన్నాను, నాలాగా రాయమన్నాను, లేదంటే నేనే రాసి పెడతానన్నాను. "నీలాగా రాయడం నాకు రాదులే రోజాన్," అన్నాడు. అది మెచ్చుకోలనుకుని ఇంటికెళ్లి మా ఆయన డార్విన్‌కి చెప్పాను. ఆయన నావైపు జాలిగా చూసి, "అది మెచ్చుకోలు కాదు," అన్నాడు. రెండు రోజులు ఆర్లోతో మాట్లాడలేదు. నేను మాట్లాడ్డం లేదన్న సంగతి ఆయనకి తెలిసినట్టు కూడా లేదు.

ఆ తర్వాతి మంగళవారం ఆర్లో థర్మాస్ పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. సరస్సు మీద మంచు ఈ ఏడు తొందరగా విరుగుతోందన్నాడు. చలికాలం పోయాక రేవుకి మొదటి ఓడ ఇరవై ఆరున వస్తుందని తన భార్య అంటోందట, తనకి మాత్రం ఇరవై తొమ్మిది అనిపిస్తోందట. థర్మాస్ మూత తిప్పాడు, మళ్లీ బిగించాడు. ఈ ఊళ్లో మంచు గురించి పది నిమిషాలు దాటి మాట్లాడారంటే అసలు సంగతి గట్టిదే. నేను కలం పక్కన పెట్టాను.

"ఒక చిన్న విషయం," అన్నాడు. "పెద్దదేం కాదు."

"చెప్పు."

"ఉత్తరపు ఒడ్డున, ఈ జనవరిలో మన చేతికొచ్చిన క్లినిక్ ఒకటుంది కదా. నిన్న భోజనాలప్పుడు ఊరికే నా టూలుతో చూశాను. దాని బేస్‌మెంట్‌లో నెట్‌వర్కుకి కాపలా ఉండే పాత ఫైర్‌వాల్ పెట్టెలో ఒక అనుమతి ఉండిపోయింది. నాలుగేళ్ల కిందట ఎక్స్‌రే మిషను బాగుచేసేవాళ్లకి వారం రోజులకని ఇచ్చింది."

"దేనికి అనుమతి?"

"బయటి నుంచి లోపలికి రావడానికి."

"లోపల ఎక్కడికి?"

ఆయన థర్మాస్ వైపు చూశాడు. "రోగుల రికార్డులున్న సర్వరు దాకా."

ఆ క్లినిక్‌కి ఫిబ్రవరిలో ఆడిట్ జరిగింది. నా టూలుతోనే జరిగింది. ఏజెంటు రాసిన రిపోర్టు నేనే చూశాను: "అన్ని అనుమతులూ పరిశీలించబడ్డాయి. లోపాలు లేవు." ఆ "అన్ని" అనే మాట దానిది కాదు, నాది. నా వివరణలోంచి ఎత్తి అక్కడ పెట్టింది.

"ఎవరైనా లోపలికొచ్చారా?"

"లేదు. వచ్చిపోయినవాళ్ల లాగ్స్ మొత్తం చూశాను, ఎవరూ రాలేదు. మూసేశాను. క్లినిక్‌వాళ్లకి ఫోన్ చేసి చెప్పాను."

"మార్లిస్‌కి?"

"చెప్పాను."

"ఏమని చెప్పావ్?"

"ఒక తలుపు గాలికి కాస్త ఊగుతుంటే వేశానని."

"ఓరి దేవుడా! ఆవిడేమంది?"

"మంచిదండి అంది."

తల పట్టుకుని కూర్చున్నాను. తర్వాత మెల్లగా ఆయన్ని అడిగాను, నా టూలు అది ఎందుకు పట్టుకోలేదని. అది క్లౌడులో ఉన్న అనుమతుల్ని మాత్రమే చూస్తుందట. బేస్‌మెంట్లలో, గోదాముల్లో ఎప్పుడో చేత్తో అమర్చిన పెట్టెలు అసలు దాని కంటికే కనపడవట. కొన్న రోజు నుంచీ అంతేనట.

"ఈ సంగతి నీకు ముందే తెలుసా?"

"అనుకున్నాను."

"ఆరు నెలల్నుంచీ?"

"నువ్వు దాన్ని అంత సంతోషంగా రాశావు..." అని ఆగాడు. "ఆ 'అన్ని' మంచి మాటే. పొడుగ్గా కూడా లేదు."

ఆర్లో నోట్లోంచి అంతకంటే ఘాటైన మాట నేనెప్పుడూ వినలేదు. తల కొట్టేసినట్టయింది. పరుపు అబద్ధమైతే కొన్నవాడి నడుం నొప్పి పెడుతుంది, పోయి తిరిగిచ్చేసి వస్తాడు. ఇక్కడ నా అబద్ధాన్ని చదివి నమ్మినది నొప్పి తెలియని ఏజెంటు. నొప్పి పడాల్సింది ఎవరంటే, ఆ క్లినిక్‌లో చొక్కా విప్పి ఎక్స్‌రే ముందు నిలబడ్డ మనుషులు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు కోపంగా మారి, ఎవరి మీద చూపించాలో తెలీక, ఆర్లోని చెయ్యి పట్టుకుని నా కుర్చీ పక్కన కూలేశాను.

"రెండూ మళ్లీ రాద్దాం. నువ్వు చెప్పు, నేను రాస్తాను. నీ టూలు ఏం చేస్తుంది?"

"పాత పెట్టెల్ని చూస్తుంది... కొంచెం."

"కొంచెమంటే? పెట్టెలో వంద అనుమతులుంటే ఎన్ని చదువుతుంది?"

"వంద."

"మరి కొంచెమంటావేం! ఎప్పుడైనా పొరపాటు చేసిందా?"

ఆయన మొహం వాడిపోయింది. "చేసింది. ఒకసారి."

"తొమ్మిదేళ్లలో ఒకసారా?"

"చెడ్డ పొరపాటే అది."

ఆ రోజు మధ్యాహ్నం ఒక సంగతి తెలుసుకున్నాను. "నీ టూలు ఎంత మంచిది?" అని అడిగితే ఆర్లో నీళ్లు నములుతాడు. "ఏం చదువుతుంది? ఏం చదవలేదు? దేన్నైనా మారుస్తుందా? ఎప్పుడు దీన్ని పిలవకూడదు?" అని అడిగితే మాత్రం టకటకా చెప్తాడు. మంచీ చెడూ అంటే మొహమాటం గానీ, ఉన్నదీ లేనిదీ చెప్పడానికి మొహమాటమేముంది? ముఖ్యంగా ఏం చేయలేదో అడిగితే ఆ మనిషికి ఎక్కడలేని హుషారూ వస్తుంది. తన లోపాల గురించి ఇరవై నిమిషాలు ఆపకుండా మాట్లాడాడు. నేను రాసుకోలేక చెయ్యి నొప్పి పుట్టింది.

రాసినదాన్ని ఏజెంటుకిచ్చి, ఆ క్లినిక్ లాంటిదే ఒక ఉత్తుత్తి నెట్‌వర్కు తయారుచేసి ఆడిట్ చెయ్యమన్నాం. మొదటిసారి చుక్కెదురైంది. నేను నా టూలు మీది కోతలన్నీ పీకేసి, పశ్చాత్తాపంతో ఆర్లో టూలుని ఆకాశానికెత్తేశాను. ఏజెంటు ఇప్పుడు క్లౌడు పనికి కూడా ఆర్లో టూలునే తీసుకుపోయి, ఏమీ దొరక్క ఉత్త చేతులతో తిరిగొచ్చింది. అబద్ధం ఇక్కణ్నుంచి అక్కడికి మారిందంతే.

"నన్ను మరీ పొగిడావు," అన్నాడు ఆర్లో దిగులుగా.

"నోర్ముయ్," అని ఆ పొగడ్తలూ పీకేశాను.

రెండోసారి రెండింటి కిందా అవి చూడలేనిదేదో రాశాం. దీనికి కనపడనివి దేనికి కనపడతాయో కూడా రాశాం. పదిసార్లు ఆడిట్ చేయిస్తే తొమ్మిదిసార్లు సరిగ్గా చేసింది. క్లౌడుకి నా టూలు, బేస్‌మెంట్‌కి ఆర్లో టూలు, రెండూ కలిపి ఒక రిపోర్టు. పదోసారి మాత్రం ఒక పెట్టె గురించి "లోపాలు లేవు" అని రాసేసింది. చూస్తే ఆ పెట్టె తీగ మేమే ఊడదీశాం, పరీక్షకని.

"పెట్టె జవాబివ్వకపోతే ఖాళీ జాబితా వస్తుంది," అన్నాడు ఆర్లో. "అప్పుడు నేను లేచి వెళ్లి తీగ చూస్తాను."

"ఖాళీగా వస్తే తీగ చూడాలని దానికెలా తెలుస్తుంది?"

"అది అందరికీ తెలిసిందే కదా."

"అందరికీ అంటే ఎవరెవరికి?"

ఆయన లెక్క పెట్టుకున్నాడు. "నాకు," అన్నాడు.

అది కూడా రాశాం. చివరికి ఆర్లో టూలు కింద ఇలా తేలింది: "బేస్‌మెంట్లు, గోదాముల్లో చేత్తో అమర్చిన ఫైర్‌వాల్ పెట్టెల్లోని అనుమతులన్నిటినీ చదివి, ఏది ఎప్పుడు, ఎవరికి ఇచ్చారో చెబుతుంది. చదవడమే దీని పని. దేన్నీ మార్చదు, మూయదు. క్లౌడులోని అనుమతులు దీనికి కనపడవు, వాటికి రెండో టూలు వాడాలి. పెట్టె జవాబివ్వకపోతే ఖాళీ జాబితా వస్తుంది. ఖాళీ అంటే లోపాలు లేవని కాదు, ఆ పెట్టె పేరు మనిషికి తెలియజేయాలి." నా టూలు కిందా అలాగే రాశాను. క్లౌడు దాటి ఏదీ దీనికి కనపడదని రాస్తుంటే, నా పరుపు మీద పడుకుంటే నొప్పి తగ్గదని నేనే రాస్తున్నట్టుంది. అయినా రాశాను.

ఆర్లో తనదాన్ని మూడుసార్లు చదివాడు. "ఇది బాగానే ఉంది," అన్నాడు. ఈసారి ఆ మాటకి అర్థం మా ఆయన్ని అడగాల్సిన పని లేకపోయింది.

అయితే ఈ పరీక్షలన్నీ అయ్యేసరికి నెలలో ఇరవై రోజులు అయిపోయాయి. మిగిలిన రోజుల్లో బేస్‌మెంట్ పెట్టెలున్న ఆడిట్ వచ్చిన ప్రతిసారీ ఏజెంటు ఆర్లో టూలుని పిలుస్తూనే ఉంది. నేను పొద్దునా సాయంత్రం లెక్క చూస్తూ, ఎన్నికల ఫలితాలు చూసినట్టు గోళ్లు కొరుక్కున్నాను. పద్నాలుగు. ఇరవై రెండు. ముప్పై ఒకటి. ముప్పై ఒకటో తారీకు మధ్యాహ్నానికి ముప్పై ఎనిమిది దగ్గర ఆగింది.

మార్లిస్ మా ఇద్దర్నీ తన గదిలోకి పిలిచింది. డబ్బా ఏమీ తేలేదు, అదింకా భయమేసింది. "ముప్పై ఎనిమిది," అంది కాగితం చూస్తూ. "చాలా దగ్గరికొచ్చింది. కాకపోతే కిందవాళ్లు యాభై అన్నారు." తర్వాత ముగ్గురం కాసేపు బల్ల వైపు చూస్తూ కూర్చున్నాం. ఇక్కడివాళ్లు ఇలా ఎంతసేపైనా కూర్చోగలరు. నావల్ల కాలేదు.

"ఫిబ్రవరిలో నా టూలుకొచ్చిన నాలుగొందల పన్నెండు ఉన్నాయి చూశారా, వాటిని లెక్కలోంచి కొట్టెయ్యండి," అన్నాను. "అవి నేను అబద్ధం రాసి తెచ్చుకున్నవి."

"అబద్ధమని నేననను," అంది మార్లిస్ నొచ్చుకుంటూ.

"నేనంటాను. అన్నీ చూస్తుందని రాశాను. బేస్‌మెంట్లలో ఒక్క పెట్టెనీ చూడదు. ఆ క్లినిక్‌లో రోగుల రికార్డుల దాకా నాలుగేళ్లుగా దారి తెరిచి ఉంది. నా టూలు చూసి అంతా బాగుందంది. ఆయన టూలు పట్టుకుంది."

మార్లిస్ మొహంలో రంగు దిగిపోయింది. ఆర్లో వైపు తిరిగింది. "గాలికి ఊగిన తలుపు అదేనా?"

"అదేనండి," అన్నాడాయన.

"కాస్త ఊగిందన్నారు!"

"ఆ. కొంచెం గట్టిగానే ఊగింది."

ఆమె నావైపు తిరిగింది. ఆమె గొంతులో మొదటిసారి మర్యాద కాకుండా మరొకటి వినిపించింది. "అన్నీ చూస్తుందని నీకెవరు చెప్పారు రోజాన్?"

"ఎవరూ చెప్పలేదు. వాళ్ల కరపత్రంలో ఉంది, నేను ఇంకాస్త పెంచాను. ఏం చూడదో అడగలేదు. తెలిసినాయన నా పక్క కుర్చీలోనే ఉన్నాడు, ఆయన్నీ అడగలేదు."

చెప్పేశాక నా ఉద్యోగం కూడా పోయిందనే అనుకున్నాను. మార్లిస్ కాగితాన్ని పక్కకి పెట్టి, "ఇదంతా కిందవాళ్లకి నేను రాయగలను. పిలుపుల లెక్క తప్పుదారి పట్టించిందని రాస్తే వాళ్లూ వింటారు," అంది. "కానీ ఆర్లో, టూలుతో పాటు దాన్ని చూసే మనిషి గురించి కూడా రాయాలి. మీకు యాభై తొమ్మిది వచ్చాయి. ఆ రోజు అడిగితే ఇబ్బందేం లేదన్నారు. ఇక విశ్రాంతి తీసుకోవాలని ఉందేమో, నేను బలవంతం పెట్టినట్టు అవుతుందేమో అని..."

"అబ్బే," అన్నాడు ఆర్లో.

ఆ తర్వాత వచ్చే మాట నాకు తెలుసు. నా గురించి శ్రమ పడకండి. ఆ ఒక్క మాటతో తన తొమ్మిదేళ్లూ తనే చుట్టి ఆమె చేతిలో పెట్టేస్తాడు. బల్ల కింద కాలితో ఆయన్ని తన్నాలనిపించింది. కానీ ఆయన ఆగాడు. నోరు తెరిచి మూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మన కింద బేస్‌మెంట్ పెట్టెలు నలభై ఒకటున్నాయండి," అన్నాడు. "ప్రతిదాంట్లో ఏముందో, ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో నాకు తెలుసు. క్లౌడు సంగతి నాకు తెలీదు. మీటింగుల్లో నేను దేనికీ పనికిరాను. ఫోన్లో గట్టిగా మాట్లాడలేను." కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "ఈ పని నాకు కావాలండి. నాకు ఇక్కడే ఉండాలనుంది."

ఈ ఊళ్లో పద్దెనిమిదేళ్లలో ఒక మనిషి తనకి ఏం కావాలో ఇంత తిన్నగా చెప్పడం నేను వినలేదు. మార్లిస్ సిగ్గుతో తల దించుకుంది, ఎవరో ఒంటి మీద బట్టల్లేకుండా గదిలోకి వచ్చినట్టు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు, మా న్యూజెర్సీలో దాచుకోరు.

"సరే," అంది మార్లిస్. "ఇవాళే రాస్తాను. వాళ్లు కాదంటే నేనే బయల్దేరి వెళ్లి వాళ్లెదురుగా కూర్చుంటాను." కలం తీసి, రాయబోయి ఆగింది. "ఈ మాట ఇన్నాళ్లూ చెప్పలేదేం ఆర్లో? మీకీ పని మీద పెద్ద ఇష్టం లేదేమో అనుకున్నాం మేమంతా."

ఆయన ఆమెని నొప్పించకుండా ఎలా చెప్పాలా అని కొంచెం వెతుక్కున్నాడు.

"ఎవరూ అడగలేదండి," అన్నాడు.

మార్లిస్ కాగితం మీదికి వంగింది. నేను నా గోళ్లు చూసుకుంటూ కూర్చున్నాను. ఆరేళ్లుగా నా కుర్చీకీ ఆయన కుర్చీకీ మధ్య ఉన్నది మూడడుగులే.